చంక నుంచి చక్రానికి

“చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు” అని మనవారు ఒక సామెత చెప్పుతారు. మతిమరుపును పరిహసించటానికి పుట్టిన మాటే అయినా, చరిత్ర చదివేవారికి అందులో మరొక సంగతి కనబడుతుంది. చంకలో బిడ్డ ఉన్నట్లు తల్లి మరచిపోవటం ఎప్పుడు సాధ్యం? ఆ బరువు ఆమె ఒంటిలో ఒక భాగమైపోయినప్పుడే గదా! నీళ్ళు తోడుతున్నా, పొయ్యి రాజేస్తున్నా, పొరుగింటి అరుగు దగ్గర నిలబడి మాట్లాడుతున్నా బిడ్డ నడుము మీదనే ఉండేవాడు. తెలుగుదేశంలో పసివాని మొదటి వాహనం చంక. గుర్రానికి గుగ్గిళ్ళు కావాలి, బండికి కందెన కావాలి. చంకకు ఏమీ అక్కరలేదు. ఏమీ అక్కరలేదని చాలాకాలం మనమంతా అనుకొన్నాము. ఆ సంగతికి తరువాత వస్తాము.

ప్రాము కొనవలెనా, మడిచే తోపుడుకుర్చీ కొనవలెనా, రెండవ బిడ్డ కూడా పుట్టబోతుంటే ఇద్దరికీ ఒకటే చాలునా అని ఈనాటి విజయవాడ గృహస్థులు దుకాణాలలో నిలబడి తర్కించుకొంటున్నారు. వస్తువు కొత్తది కావచ్చు. బిడ్డను ఎవరు మోయాలి, దేనిమీద మోయాలి అన్న ప్రశ్న మాత్రం కృష్ణా డెల్టాలో ప్రతి తరమూ తన వీలునుబట్టి జవాబు చెప్పుకొన్నదే. ఆ జవాబులను ఒకసారి వరుసగా చూచినట్లయితే కొనేవారికి కూడా కొంత ఉపకారం జరుగుతుందని మా ఆశ.

మనవారు బిడ్డను ఎత్తుకొనే తీరులోనే ఒక విశేషమున్నది. మెడ నిలిచేవరకు రెండు చేతులలో పడుకోబెట్టుకొంటారు. మెడ నిలిచిన తరువాత నడుముకు ఆ కాలొకవైపు, ఈ కాలొకవైపు వేసి కూర్చోబెట్టుకొంటారు. ఇట్లా కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం పైకి ఉండే భంగిమ పసివాని తుంటికీలు గుంటలో చక్కగా కుదురుకోవటానికి తోడ్పడుతుందని ఎముకల వైద్యులు చెప్పుతున్నారు. బిడ్డ కాళ్ళు చాపి, పలకకు బిగించి కట్టే ఆచారమున్న అమెరికా నవహో ప్రజలలో తుంటి జారిన పిల్లలు ఎక్కువగా కనబడినారు. జపానులో 1975 ప్రాంతంలో, పసివారి కాళ్ళను నిటారుగా చాపి గుడ్డలు చుట్టవద్దని దేశవ్యాప్తంగా ప్రచారం చేయగా ఆ బాధ ఎంతగానో తగ్గింది. మన అవ్వలు ఈ శాస్త్రం చదువుకోలేదు. వారి నడుములకు మాత్రం తెలుసును. నేడు ఛాతీకి కట్టుకొనే సంచులు కొనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు: బిడ్డ తొడలకు మోకాళ్ళ దాకా ఆసరా ఉండాలి, కాళ్ళు గడియారపు లోలకంవలె వేలాడగూడదు.

చంక తరువాత చెప్పవలసింది ఉయ్యాల. బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేయటం మన ఇళ్ళలో ఒక పండుగ. చాల కుటుంబాలలో ఆ ఉయ్యాల తల్లి పుట్టింటినుంచి వస్తుంది. రంగులు వేసిన చెక్కతొట్టి, నాలుగు గొలుసులు, దూలానికి ఒక కొక్కెం. ఒక ఉయ్యాలలో ముగ్గురు నలుగురు తోబుట్టువులు, ఆపైన వారి పిల్లలు కూడా పెరిగిన ఇళ్ళు డెల్టా గ్రామాలలో ఎన్నో ఉన్నవి. ఎక్కడికీ పోకుండానే ప్రయాణసుఖం కలిగించే వాహనమిది. దూలాలు పోయి కాంక్రీటు కప్పులు వచ్చిన తరువాత ఉయ్యాల నేలమీద ఇనుప కాళ్ళతో నిలబడింది. అది అంత సొగసుగా లేదన్నది మా అభిప్రాయం. పసివానికి ఆ పట్టింపు లేదు.

చెక్క ఉయ్యాల లేనివారికి చీర ఉయ్యాల. దీని చరిత్ర కొంత బరువైనది. బెజవాడ వద్ద కృష్ణకు అడ్డంగా ఆనకట్ట నిర్మాణం 1852లో ఆరంభమై 1855లో పూర్తి అయింది. గోదావరి మీద ఆర్థర్ కాటన్ చూపిన దారిలో, కెప్టెన్ ఆర్ ఆధ్వర్యాన జరిగిన పని అది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిస్ కాలువ నీళ్ళు పట్టుకొని పల్లెల్లోకి సాగినవి. మెట్ట పంటల నేల మాగాణి అయింది. ఆనకట్ట చరిత్ర వ్రాసినవారు ఎన్ని ఎకరాలు తడిసినదీ, ఎంత శిస్తు పెరిగినదీ వ్రాసినారు. మాగాణితోపాటు వరినాట్లు వచ్చినవని, నాట్లు స్త్రీల పని అని, నాటు వేసే స్త్రీ చంకన బిడ్డను ఎత్తుకోలేదని వ్రాసినవారు అరుదు. చంక నిటారుగా నిలబడిన మనిషికి పనికివచ్చే వాహనం. మోకాటిలోతు బురదలో, నడుము వంచి, రెండు చేతులతో నారు పెట్టే మనిషికి అది పనికిరాదు. మన్యంలోని కొందరు గిరిజన స్త్రీలవలె బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకొనే అలవాటు డెల్టా పల్లెల్లో లేదు. అందుచేత కాలువగట్టున తుమ్మచెట్టు కొమ్మకు పాతచీర కట్టి, అందులో బిడ్డను పడుకోబెట్టి తల్లి మడిలోకి దిగేది. బిడ్డ వాహనం చెట్టుకు కట్టుబడిపోయింది.

మరి ఆ ఉయ్యాల ఊపేది ఎవరు? బిడ్డ ఏడిస్తే ఎత్తుకొని గట్టువెంట తిప్పేది ఎవరు?

అక్క. ఏడేండ్లదో ఎనిమిదేండ్లదో అక్క. తమ్ముని బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచే ఆ చిన్నపిల్ల మన గ్రామదృశ్యంలో ఎంతగా కలిసిపోయిందంటే, చిత్రకారులు ఆమెను ముచ్చటగా బొమ్మ వేసినారు గాని, ఆ వేళకు ఆమె ఎక్కడ ఉండవలసినదో అడగలేదు. బడిలో ఉండవలసింది. చంకకు ఏమీ అక్కరలేదని పైన అన్నాము. పెద్దల చంకకు అక్కరలేకపోవచ్చు. అక్క చంకకు మాత్రం ఒక పలక, ఒక బలపం, నాలుగైదేండ్ల చదువు ఖర్చయినవి. తల్లి తెచ్చిన కూలిలో ఈ పిల్ల కష్టం ఇమిడి ఉన్నా, దానికి వేరే లెక్క ఎవరూ కట్టలేదు.

స్త్రీవిద్యను గురించి భారత ప్రభుత్వం 1958లో నియమించిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలు మన రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆడపిల్లలు బడికి ఎందుకు రావటం లేదన్న ప్రశ్నను బడిలో కూర్చొని గాక ఇంటి గుమ్మంలో నిలబడి అడుగవలసి ఉంటుందని ఆమె వంటివారు గ్రహించినారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీలు వచ్చినవి. 1986 జాతీయ విద్యావిధానంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా పలికింది: తోబుట్టువులను సాకే బాలికలు బడికి పోగలిగేందుకు పగటిపూట శిశుసంరక్షణ కేంద్రాలు నడపవలెనని అందులో చేర్చినారు. ఒక దేశపు విద్యావిధానంలోకి అక్క చంకలోని బిడ్డ ప్రవేశించటం చిన్న సంగతి కాదు. దీనికి ముందే 1948 ఫ్యాక్టరీల చట్టం, యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట బిడ్డలకొక గది ఉండవలెనన్నది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి దించినారు. గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పనిచోటికి ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురు లేక అంతకుమించి వస్తే వారిని చూడటానికి ఒక స్త్రీని నియమించి కూలి ఇవ్వవలెనని వ్రాసినారు. తుమ్మచెట్టు కింద అక్క చేసిన పనికి కూలి ఉన్నదని చట్టం ఒప్పుకొన్నది అప్పుడు.

రేడియోలో బాలానందం వినిపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగుదేశం అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకొన్నది. ఆ అక్కయ్య కథలను, చంకన తమ్ముణ్ణి పెట్టుకొనే విన్న చిన్న అక్కయ్యలు ఎందరో!

ఇక చక్రం సంగతి. పసివానికీ బండికీ పొత్తు మనకు కొత్తది కాదు. బాలకృష్ణుని బండి నీడన పడుకోబెట్టి యశోద పనిలో పడగా, ఆయన కాలితో తన్ని శకటాసురుణ్ణి కూల్చిన కథ పోతనగారి భాగవతం పుణ్యమా అని మనవారందరికీ తెలిసినదే. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ అన్న పేరే మట్టిబండి అని. చారుదత్తుని కుమారుడు పొరుగువారి పిల్లవాని బంగారుబండి చూచి, తన మట్టిబండి వద్దని ఏడ్చినాడు. ఆ ఏడ్పు వల్ల ఎంత కథ నడిచిందో సంస్కృతం తెలిసినవారు ఎరుగుదురు. పొరుగింటి ప్రామును చూచి తమ ప్రామును ఎంచుకొనేవారు ఆ నాటకం ఒకసారి చదువవచ్చు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో ఎడ్లబండ్లూ పల్లకీలూ అందంగా మలుస్తారు. ఆ కర్ర మిక్కిలి తేలిక. బొమ్మకు అది గుణం. బిడ్డ ఎక్కే బండికి అది దోషం.

పసివాణ్ణి ఎక్కించుకొనే ప్రత్యేకమైన బండి ఇంగ్లండులో పుట్టింది. 1733లో విలియం కెంట్ అనే శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లలకోసం గవ్వ ఆకారంలో ఒక బండి చేసినాడు. దానిని లాగటానికి మేకనో పొట్టిగుర్రాన్నో కట్టేవారు. అంటే అది పెద్దల బండికి పిల్లరూపమే. తల్లి ఊహలో పుట్టినది కాదు. లాగే బండి తోసే బండిగా మారటానికి నూరేండ్లకు పైగా పట్టింది. తోసినప్పుడు గదా బిడ్డ కంటిముందు ఉంటాడు! 1877లో లీడ్స్ నగరంలో విలియం విల్సన్ స్ప్రింగులమీద ఊగే ప్రాములు చేయటం మొదలుపెట్టినాడు. 1889లో బాల్టిమోరు వాస్తవ్యుడైన నల్లజాతి శిల్పకారుడు విలియం రిచర్డ్‌సన్, తొట్టిని ఇటు తిప్పితే బిడ్డ తల్లివైపు, అటు తిప్పితే దారివైపు చూచేట్లు ఏర్పాటు చేసి పేటెంటు పొందినాడు. చక్రాలు దేనికది వేరుగా తిరగటం కూడా ఆయన చేసిన మేలే.

పెరాంబ్యులేటరు అన్న మాటకు ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది. దారి పొడవు కొలవటానికి సర్వేయర్లు తోసుకొంటూ పోయే చక్రానికి కూడా అదే పేరు. కుంపిణీ సర్వేయర్లు పద్దెనిమిదవ శతాబ్దిలోనే అట్టి చక్రాలతో మద్రాసు రాజధానిలోని బాటలు కొలిచినారు. కనుక పెరాంబ్యులేటరు మన దేశానికి మొదట భూమిని కొలవటానికి వచ్చి, ఎన్నో ఏండ్లకు గాని బిడ్డను మోయటానికి రాలేదు.

ఆ రెండవ పెరాంబ్యులేటరు డెల్టాలో ఎవరి వాకిళ్ళలో ముందు నిలిచి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. బందరులో దొరల బంగళాలు పాతవి. ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానం పెట్టింది 1611లో. హైదరాబాదు వైపునుంచి 1889లో రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణమీద రైలు వంతెన తెరిచినారు. జంక్షను పెరిగింది, దానితోపాటు రైల్వే క్వార్టర్సూ పెరిగినవి. అట్టి బంగళాలలో ప్రామును తోసేది తల్లి కాదు, ఆయా. ఆ ఆయాకు ఇంటివద్ద ఉన్న బిడ్డ ఎవరి చంకన ఉన్నాడో ఇప్పుడు శ్రోతలు చెప్పగలరు.

మన ఇళ్ళలోకి మాత్రం ప్రాము త్వరగా రాలేదు. సంపద లేక కాదు. డెల్టాలో కలవారి ఇళ్ళు తక్కువేమీ కాదు. గడప దాటితే మెట్లు, మెట్లు దిగితే మట్టిబాట, వాన కురిస్తే నల్లరేగడి బంక. చక్రం ఎక్కడ తిరుగుతుంది? ఊరినుంచి ఊరికి పోవాలంటే కాలువలో పడవ. పడవే పెద్ద ఉయ్యాల; అందులో మరొక ఉయ్యాల ఎందుకు? పైగా ఉమ్మడి కుటుంబంలో అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, మేనత్త ఉండగా బిడ్డ నేలమీద కాలు మోపటమే గగనం.

చక్రం మన పిల్లలకు వేరే రూపాన దొరికింది. తండ్రి సైకిలు ముందు కడ్డీకి బిగించిన చిన్న సీటు మన బెజవాడ బిడ్డల అసలైన ప్రాము. గవర్నరుపేటనుంచి ఒన్‌టౌను దాకా, ఆపైన కృష్ణ ఒడ్డు దాకా తండ్రి గడ్డం కింద తలపెట్టి ఊరు చూచిన తరం అది. వెనుక సీటుమీద కూర్చున్నవారి పాదాలు చువ్వలలో పడటం కూడా ఆ తరానికి తెలుసును. సైకిలు పోయి స్కూటరు వచ్చింది. తండ్రి ముందు ఒకడు నిలబడటం, తల్లి ఒడిలో మరొకరు, మధ్యన ఇరుక్కొని ఇంకొకరు. కుటుంబం పెరిగిన కొద్దీ బండి పెరగలేదు. 2022లో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, నాలుగేండ్లలోపు బిడ్డను ద్విచక్రవాహనంమీద తీసుకొనిపోయేటప్పుడు నడిపేవారికి కట్టే పట్టీ, బిడ్డ తలకు సరిపడే హెల్మెటు, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగం ఉండవలెనని విధించినారు. ప్రాముకు పెట్టే ధరలో ఒక భాగం ముందు ఆ చిన్న హెల్మెటుకు పెట్టటం మేలని మేము గట్టిగా అంటాము. విజయవాడలో బిడ్డ రోజూ ఎక్కేది ఏ బండి? అంగడిలో మెరిసేది కాదు గదా.

నీరు వచ్చినప్పుడు చక్రాలన్నీ ఒకటే. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన దాదాపు ముప్పైవేల ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19న దివిసీమలో అదే జరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు వీధులు రోజుల తరబడి మునిగినప్పుడు, పసివారు పడవలెక్కి, పెద్దల భుజాలెక్కి బయటపడ్డారు.

మన వడ్రంగులు చేసిన ఒక బండిని గురించి చెప్పకపోతే ఈ చరిత్ర లోపించినట్లే. మూడు చక్రాల నడకబండి. నిలబడ నేర్చిన బిడ్డ దాని అడ్డకర్ర పట్టుకొని, తోసుకొంటూ అడుగులు వేస్తుంది. వాహనమే అయినా బిడ్డను మోయదు. బిడ్డచేత తన్ను తోయించుకొంటుంది. దీనిని ఇప్పుడు అమ్మే గుండ్రని వాకరుతో కలిపివేయగూడదు. ఆ వాకరులో బిడ్డ గుడ్డసీటులో వేలాడుతూ మునివేళ్ళతో నేలను తన్నుకొంటూ పోతుంది. నడక రాకముందే వేగం వస్తుంది. మెట్లున్న ఇంట్లో, పొయ్యి ఉన్న ఇంట్లో ఇంతకంటె ప్రమాదం లేదు. కెనడా దేశం 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా నిషేధం కోరింది. వీటివల్ల నడక త్వరగా రాదని, కొందరికి ఆలస్యమవుతుందని వారి మాట. మన నడకబండి ఆ కోవలోనిది కాదు. అయితే తేలికైన బండి ముందుకు తన్నుకొనిపోయి బిడ్డను బోర్లా వేస్తుంది కనుక బరువైనదే ఎంచుకోవాలి. తేలికదే దొరికితే దానిమీద ఒక చిన్న ఇసుకమూట కట్టాలి.

మడిచే తోపుడుకుర్చీ చరిత్ర చిన్నది. స్పిట్‌ఫైర్ విమానపు చక్రాల అమరికను రూపొందించిన ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజనీరు, తన కుమార్తె బరువైన బండితో పడే అవస్థ చూచి, 1965లో అల్యూమినియం గొట్టాలతో గొడుగువలె ముడుచుకొనే బండిని రూపొందించినాడు. దాని బరువు మూడు కిలోలకు లోపు. ఒక చేత బిడ్డ, ఒక చేత బండి, బస్సెక్కవచ్చు, మెట్లెక్కవచ్చు. మన నగరానికి పనికివచ్చేది ఈ జాతిదే. మడతకు కీళ్ళుంటవి, కీళ్ళకు వేళ్ళు ఆహారం కాగలవు. ఆ సంస్థవే దాదాపు పదిలక్షల బండ్లను 2009లో అమెరికాలో కీళ్ళకు తొడుగులు వేయటానికి వెనుకకు పిలువవలసి వచ్చింది. పన్నెండుమంది బిడ్డల వేలికొనలు తెగినట్లు అప్పటికి ఫిర్యాదులు అందినవి. ఏ సంస్థ బండి అయినా సరే, మడిచేటప్పుడూ విప్పేటప్పుడూ బిడ్డ దూరంగా ఉండాలి.

పుట్టిన మొదటి నెలలలో బిడ్డ కూర్చోలేదు గనుక వెల్లకిల పడుకొనే వీలున్న బండే కావాలి. బిడ్డ తోసేవారివైపు చూచే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. 2008లో డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ వీధులలో వేలమంది తల్లులనూ బిడ్డలనూ గమనింపజేసి, ఎదురుగా ఉన్న బిడ్డతో తల్లులు రెట్టింపుకు మించి మాట్లాడుతున్నారని చెప్పినారు. చంకలో బిడ్డకు ఆ లోటు ఎన్నడూ లేదు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు చూచిన ఊరు మనది. నీడకోసమని ప్రాముమీద పలుచని గుడ్డ కప్పటం చాలామంది చేస్తారు. 2014లో స్వీడనులోని ఒక దినపత్రిక పరీక్షింపజేయగా, 22 డిగ్రీలున్న ప్రాము లోపల గుడ్డ కప్పిన అరగంటకు 34, గంటకు 37 అయింది. ఇది స్వీడను ఎండ! గాలి ఆడే గొడుగు కావాలి గాని కప్పు కాదు. అసలు పది గంటలు దాటిన తరువాత వేసవిలో బిడ్డను బయటికి తీయకపోవటమే ఉత్తమం.

రెండవ బిడ్డ వస్తున్నప్పుడు పక్కపక్కన కూర్చోబెట్టే జంటబండి కొనటానికి ముందు వీధి తలుపునూ, లిఫ్టు వాకిలినీ టేపుతో కొలవండి. చాల అపార్టుమెంట్లలో అది పట్టదు. పెద్దవానికి మూడేండ్లు నిండబోతుంటే, బండి వెనుక నిలబడే పలక ఒకటి బిగిస్తే చాలును. పెద్దది ఆడపిల్ల అయి, తమ్ముడి బండి తానే తోస్తానని ముచ్చటపడితే తోయనీయండి; బడి వేళ కాకుండా, పక్కన మీరుండగా. బండి పాతదైనా, బంధువులిచ్చినదైనా, పట్టీలు అయిదూ సరిగా పట్టుతున్నవో లేదో చూడండి. బ్రేకు సంగతి నోటిమాటతో నమ్మవద్దు. బండిలో పది కిలోల బియ్యపుసంచి పెట్టి, దుకాణం ముందర ఏటవాలున నిలిపి బ్రేకు వేసి చేయి తీయండి. అంగుళం జరిగినా, బియ్యం తీసుకొని మరొక దుకాణానికి పోవచ్చును.